ఎడమచేతి అక్షరాలు

(తొమ్మిదో భాగం)

"డబ్బి ఎక్కడ పెట్టినవురా?"

పొద్దున్నుంచి ముత్యాలమ్మ ఆ మాట అడగటం ఇది నాలుగోసారి. అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న షాలేమ్‌రాజు మొదటి మూడుసార్లూ వినపడనట్టే ఊరుకున్నాడు. ఈసారి రేజరు కడిగి పక్కన పెట్టాడు.

"గురువారం దాక అది ఎవలకు కనపడొద్దమ్మా. బోర్డు అయిపోంగనె నేనే తెచ్చిస్త."

"ఆయన చాయ్ గూడ ముట్టలే."

"ఆకలైతె తాగుతడు."

ముత్యాలమ్మ వరండాలోకి చూసింది. భర్త సవరయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడేసిన వస్తువులా ఉంది. ఎడమచెయ్యి మాత్రం తుండుగుడ్డ కింద, దిండు కింద, కుర్చీకీ గోడకూ మధ్యనున్న సందులో తడుముతూనే ఉంది. స్టూలు మీద చాయ్ మీగడ కట్టింది.

ఆ డబ్బి కూతురు దీవెన తెచ్చింది. ఖమ్మంలో నర్సుగా చేరకముందు దీవెన సికింద్రాబాదులో ఒక రిటైర్డ్ లెక్చరరమ్మకు ఇంట్లోనే ఉండి సేవ చేసింది. ఆమె పోయాక, గుర్తుగా ఉంచుకొమ్మని వాళ్లవాళ్లు ఇచ్చిన ఆట డబ్బి అది. అరచేతిలో ఇముడుతుంది. మూత తెరిస్తే పైన ఒక తెర, కింద ఒక తెర. ఒక దాంట్లో ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ గళ్లు, ఇంకోదాంట్లో ఆధారాలు. సన్నటి ప్లాస్టిక్ పుల్లతో తెర మీద అక్షరం రాస్తే అది గడిలో అచ్చులా కూర్చుంటుంది.

పోయిన ఆగస్టులో సవరయ్య ఫారెస్టు ఆఫీసులో, టైపు మిషను ముందే ఒరిగిపోయాడు. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. ఏడు నెలలుగా ఆయన నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట: "అవ్." అన్నం తింటావా అంటే అవ్. వద్దా అంటే అవ్.

చుట్టాలు తెచ్చిన పండ్లూ, ఫాదర్ ఇచ్చిన జపమాలా, ఏవీ ఆయన్ను కదిలించలేదు. నవంబరులో దీవెన ఆ డబ్బి తెరిచి ఎడమచేతికి పుల్ల ఇచ్చింది. ఆయన దాన్ని మళ్లీ కింద పెట్టలేదు.

ఇవాళ అది లేదు.

"రాజూ, ఆయన మొకం చూడు ఒకసారి," అన్నది ముత్యాలమ్మ.

"చూసిననమ్మా. దినాం చూస్తనే ఉన్న." షాలేమ్‌రాజు మొహం తుడుచుకున్నాడు. "మొన్న ఆదివారం గుళ్లె నుంచి వచ్చినోళ్లు ఏమన్నరో ఇన్నవు గద? సవరయ్య ఇంగ్లీషు గళ్లు నింపుతుండు, మంచిగయిండు అని ఊరంత చెప్పుకున్నరు. ఆ మాట ఆఫీసుకు పోతె? ఆడికెంచి వరంగల్ పోతె?"

మనిషి ఇక పనికి రాడనీ, మతి కూడా సరిగా లేదనీ వరంగల్‌లో డాక్టర్ల బోర్డు రాసిస్తే ఇంట్లో ఒకరికి ఆ ఆఫీసులోనే ఉద్యోగం వస్తుంది. అప్లికేషన్ పెట్టినప్పుడు ముత్యాలమ్మ కూడా తల ఊపింది.

*

పది గంటల బస్సుకు దీవెన దిగింది. రాత్రి డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా ఖమ్మంలో బస్సెక్కిన మనిషి. టేకులపల్లి స్టేజి నుంచి ఇంటిదాకా ఎండలో నడిచి వచ్చింది.

సవరయ్య కూతుర్ని చూడగానే ఎడమచెయ్యి లేపాడు. గాలిలో వేలితో ఒక చదరం గీశాడు. దానిలో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత.

"అర్థమయింది నాన్నా," అన్నది దీవెన. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

తమ్ముడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"నాన్న గేమ్ నువ్వు తీసినవా?"

"అమ్మ ఫోన్ చేసిందా?"

"నా మాటకు జవాబు చెప్పు."

"తీసిన. దాచిన. ఇంకేమన్న ఉంటె అడుగు."

"నాన్ననడిగినవా?"

"అడిగిన. నాన్నా, బోర్డుకు పోదామా అన్న. అవ్ అన్నడు."

దీవెన నవ్వింది. ఆ నవ్వు విని ముత్యాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పి చూసింది.

"కూరల ఉప్పెక్కిందా అంటె గూడ అవ్ అంటడు. వాన పడుతున్నదా అంటె అవ్. నిన్ను అడివిల ఇడిసిపెట్టి వస్తం అంటె గూడ అవ్ అనే అంటడు రాజూ. ఆయన నోట్ల అదొక్క మాటే మిగిలింది. నీకు అక్కరున్న కాడ అది ఒప్పుకున్నట్టయితదా?"

షాలేమ్‌రాజు ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"నువ్వు ఖమ్మంల ఉంటవక్కా. నెలకు రెండుసార్లు వస్తవ్, పండ్లు తెస్తవ్, పోతవ్. తప్పనటంలే. పొద్దుగాల లేపి ఆయన్ను బాత్రూంకు తీస్కపోయేది ఎవలు? లుంగీ మార్చేది ఎవలు? నాలుగేండ్లాయె మండల ఆఫీసుల కంప్యూటర్ కొడుతున్న, కాంట్రాక్టు మీద. ముప్పయ్యొకటి తారీఖుకు అది గూడ బంద్. కొత్తోళ్లను తీసుకోమని ఆర్డర్ వచ్చింది. అమ్మకే చెప్పలే, నీకేం చెప్త."

ముత్యాలమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"ఎన్నడు తెలిసింది నీకు?" అని అడిగింది.

"పదిరోజులాయె."

పొయ్యి మీద పప్పు ఉడుకుతూ మూత కదులుతున్న చప్పుడు మాత్రమే వినపడింది.

దీవెన గొంతు తగ్గించింది. "నాకు బాధ లేదనుకోకు. కాని ఆ డబ్బిల అన్ని రాసి ఉంటయి. ఏ తారీఖున ఏది నింపిండు, ఎంతసేపు పట్టింది, అన్ని. నవంబర్ల అల్కటిది ఒకటి నింపనీకి మూడు రోజులు పట్టింది ఆయనకు. పోయినసారి నేనొచ్చిననాడు అన్నిటికంటె కష్టమున్నది తీసిండు. నలభై నిమిషాలల్ల నింపిండు. ఆ మనిషికి మతి లేదని బోర్డుల చెప్తమా?"

"నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"మతి ఉందని తెల్సు." షాలేమ్‌రాజు కంచం పక్కకు జరిపాడు. "నీకంటె ముందే తెల్సు. ఫిబ్రవరిల ఒకనాడు మధ్యాన్నం ఆయన నిద్రపోతుంటె తెరిచి చూసిన. గళ్లల్ల ఒక్క మాట మిగిలింది. నేను గంటసేపు కూసున్న, నాకు రాలే. లేచినంక ఆయన చూసిండు, రాసిండు, మూత పెట్టిండు. నేను డిగ్రీ చదివినోణ్ణి. ఆయన పదో తరగతి, టైపు హయ్యర్."

"తెల్సి గూడ..."

"తెల్సే అక్కా! తెల్సే దాచిన. ఏమంటవిప్పుడు?"

"మెల్లగ మాట్లాడుండి," అన్నది ముత్యాలమ్మ. "ఆయనకు అన్ని ఇనపడతయి."

ముగ్గురూ ఒక్కసారిగా వరండా వైపు చూశారు. ఏడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. బోర్డు గురించీ, ఉద్యోగం గురించీ, ఎవరికి ఏం చెప్పాలన్న దాని గురించీ ఆయన కుర్చీకి మూడడుగుల దూరంలో నిలబడి మాట్లాడుకున్నారు. ఆయన ముందే, ఆయన లేనట్టు.

సవరయ్య ఇటు చూడటం లేదు. వాకిట్లో ఎండిన ఆకుల మీద తిరుగుతున్న కోడిని చూస్తున్నాడు. మెడ మాత్రం బిగుసుకుని ఉంది.

ముత్యాలమ్మ పొయ్యి దగ్గరే పీట మీద కూలబడింది.

"తప్పు మీ ఇద్దరిది కాదు. నేను గూడ ఒప్పుకున్న. తపస్సు కాలం గదా, పాపసంకీర్తనం చేద్దామని పోయిన వారం ఫాదర్ దగ్గరికి పోయిన. మోకాళ్ల మీద కూసున్న. నోరు రాలే. ఏదో చిన్నచిన్నవి చెప్పి లేచొచ్చిన." కొంగుతో మొహం తుడుచుకుంది. "పెండ్లయి ముప్పయి ఏండ్లు. ఆఫీసుల ట్రాన్స్‌ఫర్ అయినా నన్ను కూసోబెట్టి చెప్పేటోడు, ఏమంటవే అని అడిగేటోడు. ఆయన సంగతి ఆయనకు చెప్పకుండ మనం తేల్చినం."

షాలేమ్‌రాజు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్లాడు. బండి సైడు బాక్సు తాళం తీసిన చప్పుడు వినపడింది.

*

అతను డబ్బి తెచ్చి తండ్రి ఒళ్లో పెట్టాడు. పెట్టి వెళ్లిపోదామనుకున్నాడు. కానీ మూత తెరవటానికి రెండు చేతులు కావాలి. రోజూ ముత్యాలమ్మ తెరిచి ఇస్తుంది. అందుకని పక్కన గడప మీద కూర్చుని తనే తెరిచాడు, తనే పట్టుకున్నాడు.

సవరయ్య కొడుకు వంక చూడలేదు. పుల్ల తీసుకున్నాడు. నిన్న సగంలో ఆగిన గళ్లు కనిపించాయి.

ఆయన రాసే తీరు ఇంత దగ్గర్నుంచి చూడటం షాలేమ్‌రాజుకు ఇదే మొదటిసారి. ముందు వేళ్లు కదులుతాయి. ఒళ్లో టైపు మిషను ఉన్నట్టు ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు ఆ అక్షరం ఉండే చోటును వెతికి తాకుతాయి. అది దొరికాక పుల్ల తెర మీదికి వెళుతుంది. ఇరవై ఆరేళ్లు పట్టుబడిన టేకు దుంగల లిస్టులూ, పర్మిట్లూ, మెమోలూ కొట్టిన వేళ్లవి. మాట నోట్లోంచి పోయింది కానీ వేళ్లలోంచి పోలేదు.

'ఆర్' రాస్తే డబ్బి దాన్ని 'కె' అనుకుంది. ఆయన చెరిపి మళ్లీ రాశాడు. మళ్లీ 'కె' పడింది. మూడోసారి కాలు కొంచెం వంచి రాశాడు. పడింది.

"దానికి గూడ నీ రాత చదవరాదు నాన్నా," అన్నాడు షాలేమ్‌రాజు, అనుకోకుండా.

సవరయ్య భుజం కదిలింది. నవ్వాడు.

తరువాతి ఆధారం షాలేమ్‌రాజు గట్టిగా చదివాడు, తెలుగు చేసుకుంటూ. "ఇల్లు వీపు మీద మోసుకోని నెమ్మదిగ పొయ్యేది. అయిదు అక్షరాలు. తాబేలు. టార్టాయిస్... కాదు, ఎక్కువైతయి. టర్టిల్ ఆరు."

సవరయ్య వేళ్లు ఒళ్లో కదిలాయి. కంప్యూటర్ కొట్టే షాలేమ్‌రాజుకు ఆ చోట్లు తెలుసు: యస్. ఎన్. ఏ.

"నత్త!" అన్నాడు షాలేమ్‌రాజు. "స్నెయిల్. నత్త గద నాన్నా!"

"అవ్," అన్నాడు సవరయ్య.

ముత్యాలమ్మ రాగిజావ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టింది. చాయ్ గ్లాసు తీసేసింది. సవరయ్య జావ సగం తాగాడు. దీవెన తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి చూస్తోంది. కళ్లు మూతలు పడుతున్నా లోపలికి వెళ్లి పడుకోలేదు.

షాలేమ్‌రాజు డబ్బి పట్టుకునే ఉన్నాడు. తెర వంక చూస్తూనే మాట్లాడాడు.

"నాన్నా, నీకొకటి చెప్పాలె. ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతుంది. నీకు చెప్పలే. నీకు అర్థం కాదని కాదు. అర్థమైతదని చెప్పలే."

పుల్ల ఆగింది.

"నువ్వు మంచిగయితున్నవు. నాకు సంతోషమే. దేవుని తోడు, సంతోషమే. కాని నువ్వు ఒక్కొక్కటి నింపుతుంటె నాకు భయమయ్యేది నాన్నా. సగంల ఆగిపోతె బాగుండనిపించేది. గట్ల అనుకునేటోణ్ణి నేను."

సవరయ్య చాలాసేపు కొడుకు వంక చూశాడు. ఎడమచెయ్యి లేచి షాలేమ్‌రాజు తల మీద పడింది. నిమరటానికి ఆ చేతికి ఇంకా పూర్తిగా చాతకాదు. బరువుగా అట్లాగే ఉండిపోయింది.

*

మూడు గంటలకు జైరాం స్కూటరు వచ్చి ఆగింది.

జైరాం ఫారెస్టు ఆఫీసులోనే సీనియర్ అసిస్టెంటు. సవరయ్య పక్క టేబులు. ఆయన ఒరిగిపోయిన రోజు జీపులో కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయింది జైరామే. ఉద్యోగం సంగతి మొదట చెప్పిందీ, దరఖాస్తు రాసిందీ అతనే. ఆ ఇంటికి మంచి చేస్తున్నాననే అతని నమ్మకం.

"సవరన్నా, మంచిగున్నవా? వదినా, నీళ్లియ్యి జర." చంకలోని ఫైలు తీసి కుర్చీలో కూర్చున్నాడు. "గురువారం పొద్దుగాల ఆరింటికె బండి మాట్లాడిన. ఒక్క కాయితం మిగిలింది. అన్న సమ్మతి కాయితం. వేలిముద్ర చాలు."

ఫైలులోంచి ఇంగ్లీషులో కొట్టిన కాగితం తీశాడు. జేబులోంచి సిరాపెట్టె తీసి మూత విప్పాడు. ఎడమచేతి బొటనవేలు పట్టుకోబోయాడు.

"ఆగు తమ్మీ," అన్నది ముత్యాలమ్మ.

"ఏంది వదినా?"

"ఆయన చేతికియ్యి కాయితం. చదువుకోనీ."

జైరాం షాలేమ్‌రాజు వంక చూశాడు. షాలేమ్‌రాజు తల దించుకున్నాడు. దీవెన ముందుకు వచ్చి కాగితం తీసుకుని, డబ్బి పక్కన పెట్టి, తండ్రి ఒళ్లో ఒక అట్ట పెట్టి దాని మీద కాగితం పరిచింది.

సవరయ్య చదివాడు. వేలు ఒక్కొక్క వరుస మీదుగా కదిలింది. రోడ్డు మీద ఒక బొగ్గు లారీ పోయింది. దాని వెనక ఇంకోటి పోయింది. అయిదో వరుస మధ్యలో వేలు ఆగింది. ఆయన చెయ్యి చాచి జైరాం జేబులోని పెన్ను చూపించాడు.

జైరాం పెన్ను మూత తీసి ఇచ్చాడు.

సవరయ్య ఒక మాట చుట్టూ సున్నా చుట్టాడు. జైరాం వంగి చూశాడు. 'పర్మనెంట్‌లీ' అన్న మాట అది. శాశ్వతంగా పనికిరాడని రాసిన చోట. 'ఈ' ఉండాల్సిన చోట 'ఏ' పడింది.

జైరాం గట్టిగా నవ్వాడు. "కొత్త ఆపరేటరమ్మ కొట్టిందన్నా. నువ్వుంటె గిట్ల పోనిచ్చేటోనివా..." అంటూనే ఆగిపోయాడు. నవ్వు మొహం మీదే సన్నగిల్లింది.

సవరయ్య సిరాపెట్టెను మోచేత్తో పక్కకు నెట్టాడు. అట్ట జారకుండా దీవెన పట్టుకుంది. ఆయన కాగితం కింద సంతకం చేశాడు. ఇంగ్లీషులో, పేరు మొత్తం. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పడ్డాయి. ఒక్కటీ తప్పిపోలేదు. కింద 'టైపిస్టు' అని రాశాడు. దాని కింద తారీఖు వేశాడు: పదిహేడు, మూడు, రెండువేల తొమ్మిది.

చెమట పట్టింది ఆయనకు. ముత్యాలమ్మ కొంగుతో నుదురు అద్దింది.

జైరాం కాగితం వంక చూస్తూ ఉండిపోయాడు.

"దీన్ని నేనెట్ల తీస్కపోను?" అన్నాడు చివరికి. "మతి లేదని రాసిన కాయితంల తప్పు దిద్ది, సంతకం పెట్టి, తారీఖు వేసిండు. డాక్టర్లు చూస్తె ఏమంటరు?"

"నాన్న ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?" అని అడిగింది దీవెన. ఎవర్ని అడిగిందో ఆమెకే తెలియదు.

ముత్యాలమ్మ జవాబు చెప్పింది. "ఆయన ఇచ్చేది ఇచ్చిండు బిడ్డా. కొడుక్కు తన ఉద్యోగం ఇచ్చిండు. కాని వేలిముద్ర వేసి ఇయ్యడు."

సవరయ్య కాగితం ఎత్తి పట్టుకున్నాడు. జైరాం చెయ్యి చాచాడు కానీ ఆయన దాన్ని అతనికి ఇవ్వలేదు. షాలేమ్‌రాజుకు ఇచ్చాడు.

జైరాం లేచాడు. స్కూటరు దాకా షాలేమ్‌రాజును తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "ఇంకో కాయితం కొట్టించి పొద్దుగాల తెస్త. అన్న నిద్రల ఉన్నప్పుడు వేలు అద్దుదాం, అయిపోతది. నీ బతుకు సంగతిది. అయిదింటికి ఆఫీసు బంద్ అయితది. ఆలోపు ఫోన్ చెయ్యి."

స్కూటరు మలుపు తిరిగిపోయింది.

*

షాలేమ్‌రాజు వాకిట్లోనే నిలబడ్డాడు. సిరా ఆరింది. రెండుసార్లు కాగితం మడవబోయి ఆగాడు. లోపల దీవెన తల్లికి ఏదో చెబుతోంది, తల్లి "వాణ్ణి ఆలోచించుకోనీ" అంటోంది. అది వాకిట్లోని కొడుక్కీ, వరండాలోని మనిషికీ వినపడేటట్టే అంటోంది.

అయిదుకు పది నిమిషాలుందనగా అతను వరండాలోకి వచ్చాడు. తండ్రికి ఎదురుగా నేల మీద కూర్చుని ఫోన్ తీసి నంబరు నొక్కాడు. స్పీకర్ పెట్టాడు.

"చెప్పు రాజూ," అన్నాడు జైరాం.

"సార్, కొత్త కాయితం కొట్టించకుండ్రి."

"మరి?"

"గురువారం వస్తం. అందరం వస్తం. ఇదే కాయితం తెస్తం. నాన్నె చేత్తో ఇస్తడు డాక్టర్లకు. వాళ్లేం రాస్తె అది రాస్తరు."

లోపల్నుంచి దీవెన వచ్చి గుమ్మంలో నిలబడింది. ముత్యాలమ్మ ఆమె వెనక.

అవతల ఆఫీసులో ఎవరో బీరువా మూస్తున్న చప్పుడు వినపడింది.

"మంచిగ ఆలోచించుకున్నవా కొడకా? ఆ సంతకం చూసినంక వాళ్లు అన్నను ఫిట్ అనే రాస్తరు. ఫిట్ అంటె ఏప్రిల్ ఒకటి నుంచి వచ్చి సీట్ల కూసోమంటరు. టైపు మిషన్లు తీసేసిన్రు. అంత కంప్యూటరే. ఒక్క చేత్తోని, మాట లేకుండ, ఆయన చేస్తడా? చెయ్యకపోతె ఆ ఉద్యోగం గూడ పోతది. అప్పుడు నీకు లేదు, ఆయనకు లేదు. ఎవలు కూసుంటరు ఆయన పక్కన, ఎవలు నేర్పుతరు?"

షాలేమ్‌రాజు ఫోన్ వంక చూశాడు. తరువాత తల ఎత్తాడు.

సవరయ్య కొడుకునే చూస్తున్నాడు. ఆ జవాబు జైరాం కంటే ఎక్కువగా ఆయనకే కావలసినట్టు, కుర్చీలో కొంచెం ముందుకు వంగి ఉన్నాడు.